ఐస్ డబ్బా మోసినవాడు

ఆర్మూర్‌లో నాకొక బార్దాన్ దుకాణం ఉంది. పసుపు రైతులకు గోనెసంచులు, సుతిలి తాడు, సంచులు కుట్టే దబ్బనాలు అమ్ముతాను. ఆ దుకాణంలో గల్లాపెట్టె వెనక గోడకు మొన్న మార్చి దాకా ఒక ఫోటో ఉండేది. అందులో నేను తెల్లకోటు వేసుకొని, రెండు చేతులతో నాలుగు కిలోల పండుగప్ప చేపను ఎత్తిపట్టుకొని, పెళ్లికొడుకులా నవ్వుతుంటాను. నా వెనక సముద్రం, సముద్రంలో గుండ్రటి వలల పంజరాలు.

ఆ కోటు నాది కాదు. గల్ఫ్‌లో మా చేపల ఫారం డాక్టరు మత్తయి సారుది. ఆయన టీకి పోతూ కుర్చీకి తగిలించిపోతే, వేసుకొని ఒక ఫోటో దిగి, మడత చెడకుండా మళ్లీ అక్కడే తగిలించాను. అంతా కలిపి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోటును ఆర్మూర్‌లో ఆరేళ్లు వేసుకొని తిరిగాను.

అక్కడ పదకొండేళ్లు నేను చేసిన పని వేరు. పొద్దున్నే పడవ మీద పోయి పంజరాల్లో చచ్చి తేలిన చేపలను ఏరేవాడిని. చావబోతున్న వాటిలో మత్తయి సారు చూపించినవాటిని ఐస్ డబ్బాలో పెట్టి ల్యాబ్‌కు మోసేవాడిని. తలుపు దగ్గర నిలబడి చూస్తుండేవాడిని. ఆయన చేప కడుపు కోసి, వెన్నెముక కింద అంటుకొని ఉండే నల్లటి ఎర్రటి పట్టీని వెతికేవాడు. అది చేప కిడ్నీ. మన ఇళ్లలో చేపను కడిగేటప్పుడు గోటితో గీకి పారేసేది దాన్నే. ఆయన మాత్రం దానికి సన్న తీగ తాకించి, గాజు బిళ్ల మీద గీసి, రాత్రంతా వెచ్చగా ఉంచి, తెల్లారి ఏ క్రిమి పెరిగిందో చూశాకే జబ్బు పేరు చెప్పేవాడు. అంతకు ముందు ఫారం మేనేజరు కాళ్లబేరానికి వచ్చినా నోరు విప్పేవాడు కాదు. చేప మొహం చూసి జబ్బు పేరు చెప్పేవాడిని తన గదిలోకి కూడా రానివ్వనని తన విరిగిన హిందీలో అనేవాడు.

తిరిగి వచ్చిన కొత్తలో ఒక పెళ్లిలో ఎవరో అడిగితే, చేపల డాక్టరు దగ్గర పనిచేశానని నిజమే చెప్పాను. ఆ మాట పెళ్లి పందిరి ఈ చివరి నుంచి ఆ చివరికి పోయేలోపు నేనే డాక్టరునైపోయాను. సరిచేయడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అనలేదు. పైగా నెల తిరక్కుండానే ఫోటో పెద్దగా చేయించి గోడకు కొట్టాను. మా ఆవిడ సకీనాకు ఒక్కదానికే అసలు సంగతి తెలుసు. "ఆ కోటు వాపసు ఎప్పుడిస్తవ్?" అని అప్పుడప్పుడు ఉర్దూలో దెప్పేది. నేను వినపడనట్టు ఉండేవాడిని.

ఇక ఆ తర్వాత సంచుల కోసం వచ్చిన రైతులు బర్రెకు జ్వరమొచ్చినా నన్నే అడిగేవారు. అడిగినదానికల్లా ఏదో ఒకటి చెప్పేవాడిని. డాక్టర్ సాబ్ అని పిలిస్తే నా నడక కూడా మారేది. ఏర్గట్ల ఊరి రైతు దేవన్న భార్య లసుమవ్వ మాత్రం మొదటి నుంచీ అన్నా అనే పిలిచేది. ఊరంతా డాక్టరంటుంటే ఈమె అన్నా అంటుందేమిటని లోపల కొంచెం చిన్నతనంగా కూడా ఉండేది నాకు.

దేవన్న నాకు పాత గిరాకీ. వాళ్ల పల్లపు చేను ఒకటి ఏటా నీళ్లు నిలిచి, పసుపు దుంపలన్నీ కుళ్లిపోతుండేవి. విసుగొచ్చి అందులో చెరువు తవ్వించి, నల్లటి షీటు పరిపించి, బోరు నీళ్లు నింపాడు. ఏ చేప వేయాలని నన్నడిగాడు. నేను గోడ మీద ఫోటో వైపు చెయ్యి చూపించాను.

"గిది సముద్రం చేపనే. గానీ మంచినీళ్లల్ల గూడ మంచిగ పెరుగుతది. నేనున్న గద, నీకేం ఫికర్?" అన్నాను.

అందులో మొదటి రెండు మాటలు నిజం. మూడోది నా కోత.

కోస్తా వైపు నుంచి చేపపిల్లలను తెచ్చి వదిలారు. ఏడాదిలో చేప కిలో దాటింది. మార్చి నెలాఖరున, పసుపు తవ్వి ఉడకబెట్టే రోజుల్లో, దేవన్న ఫోన్ చేసి రమ్మన్నాడు. పోయేసరికి గట్టు మీద ఏడెనిమిది మంది ఉన్నారు. పసుపు పనికి వచ్చిన కూలీలు పసుపు ఉడికే కొప్పెర కింద మంట తగ్గించి మరీ వచ్చి నిలబడ్డారు. నీళ్లలో చేపలు గుండ్రంగా, గానుగకు కట్టినట్టు తిరుగుతున్నాయి. ఒంటి రంగు నల్లబడింది. కళ్లు బయటికి పొడుచుకొచ్చి తెల్లగా ఉన్నాయి.

"నిన్నటి సంది మేత ముడుతలేవు. ఏమైంది డాక్టర్ సాబ్?" అన్నాడు దేవన్న.

నాకు తెలియదు. ఆ మాట చెప్పడం ఎంత తేలికో ఇప్పుడు అనిపిస్తుంది. నాకు తెల్వది దేవన్నా, ఒక చేపను ఐస్‌లో పెట్టి పరీక్షకు పంపుదాం అంటే అయిపోయేది. చేపను ఎలా పెట్టాలో, ఎలా మోయాలో నాకు వచ్చినంతగా ఈ జిల్లాలో ఎవరికీ రాదు. కానీ తెలియదంటే వెంటనే, మరి పదకొండేండ్లు అక్కడ ఏం చేసినవ్ అంటారు. ఏడెనిమిది మొహాలు నా మొహంలోకే చూస్తున్నాయి. మత్తయి సారు నోట నేను ఎక్కువసార్లు విన్న జబ్బు పేరు నాలుక మీదికి వచ్చింది.

"విబ్రియో," అన్నాను. "ఇసొంటియి నేను మస్తు చూసిన. ఉప్పు చల్లుండ్రి, మేత బంద్ పెట్టుండ్రి."

అంతటితో ఆగినా బాగుండేది. ఒంగి ఒక చేపను వట్టి చేతులతో పట్టి, మొప్ప ఎత్తి, లోపలికి తొంగిచూసి, తల పంకించాను. చూడ్డానికేమీ లేదు అక్కడ. గట్టు మీదివాళ్ల కోసం చూశాను. చేప ఇంకా చేతిలో ఉండగానే మత్తయి సారు మాట ఒకటి గుర్తొచ్చింది. గుండ్రంగా తిరిగే చేపను గ్లౌజులు లేకుండా ముట్టకండి, ముల్లు గుచ్చుకుంటే ఆ క్రిమి మీ చేతిలోకి వస్తుంది అనేవాడు. అలాంటి రోజుల్లో మాకు రెండేసి జతలు తొడిగించేవాడు.

అప్పటికే లసుమవ్వ చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని, నీళ్లలోకి దిగి, చచ్చిన చేపలను ఏరి గంపలో వేస్తోంది. పసుపు కొమ్ములు విరిచీ విరిచీ ఆమె వేళ్ల నిండా చీలికలు. పండుగప్ప వీపు మీద ముళ్లు దబ్బనాల్లా ఉంటాయి. ఆగు చెల్లె, చేతులకేమన్నా కట్టుకో అని చెప్పాలి. కానీ నేనే వట్టి చేతులతో పట్టుకొని నిలబడి ఉన్నాను కదా. చెబితే, నీకేమో అక్కర్లేదా అని ఎవరైనా అంటారేమో. మెల్లగా చేపను వదిలి, చేతులు కడుక్కొని, చాయ్ తాగి వచ్చేశాను.

మూడో రోజు పొద్దున దేవన్న ఫోన్ చేశాడు.

"లసుమవ్వ చెయ్యి ఉబ్బింది డాక్టర్ సాబ్. మాడిపోయేటట్టు జరమున్నది. ఒకపాలి వచ్చి చూస్తవా?"

కారు మాట్లాడుకొని పోయాను. లసుమవ్వ మంచంలో ఉంది. కుడిచెయ్యి మణికట్టు దాకా పసుపు ముద్ద మెత్తి ఉంది. పసుపు పండించే ఇంట్లో ఏ దెబ్బకైనా మొదటి మందు అదే, ఎవరూ ఆలోచించను కూడా ఆలోచించరు. ఆ పసుపు కింద చెయ్యి ఎర్రబడుతున్న సంగతి రెండు రోజులు ఎవరికీ కనపడలేదు. ఊళ్లో వైద్యుడు ఏవో గోలీలు ఇచ్చాడు. ముల్లు ఎక్కడ గుచ్చుకుందని అడిగితే లసుమవ్వ చిటికెన వేలు చూపించింది. వెంటనే ఆమెను కారెక్కించాం.

నిజామాబాద్ దవాఖానలో డాక్టర్ రజిత అని సర్జన్. మా అమ్మాయి వయసు ఉంటుంది. పసుపు కడిగించి చూసింది. ఎరుపు మణికట్టు దాటి పైకి పాకుతోంది. ఎట్లా అయిందని అడిగితే దేవన్న ఎంతో నమ్మకంగా చెప్పాడు.

"చేప ముల్లు గుచ్చుకున్నది మేడం. చేపలకు విబ్రియో జబ్బు."

ఆ అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. "విబ్రియోనా? ఎవరు చెప్పిండ్రు?"

"గీ డాక్టర్ సాబ్ చెప్పిండు. పదకొండేండ్లు సముద్రంల చేపలకు డాక్టర్ చేసిండు."

ఆమె నా వైపు తిరిగింది. ఆ చూపులో మర్యాద ఉంది, అది గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "మీరు కల్చర్ చేసిండ్రా సార్?" అని అడిగింది.

"చూసిన," అన్నాను.

అబద్ధం కాదు. చేపను కళ్లతో చూశాను. ఆమె అడిగింది క్రిమిని పెంచి పరీక్ష చేశానా అని. అది తెలిసే అన్నాను.

ఆమె కాగితం మీద ఆ పేరు రాసుకుంది. విబ్రియో ఒంట్లోకి దిగితే గంటల్లో కండ కుళ్లిస్తుందని, ఆగడానికి లేదని, అరచెయ్యి తెరిచి కడగాలని, చిటికెన వేలూ ఉంగరపు వేలూ తీసేయాల్సి రావచ్చని చెప్పింది. నర్సు వచ్చి దేవన్న చేతిలో కాగితం, పెన్ను పెట్టింది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. కింద ఆటోలు వస్తున్నాయి, పోతున్నాయి. గట్టు మీద నా నోటి నుంచి ఊడిపడ్డ మాట ఇక్కడ కత్తి పట్టుకొని నిలబడింది. అయినా నా నోరు లేవలేదు. డాక్టరుకు తెలియదా, ఆమె చూసుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఎంత సిగ్గులేని మనిషినో అప్పుడు నాకే అర్థమైంది.

"రెండు వేళ్లు లేకుంటే కొమ్ములెట్ల విరుస్త, అన్నా?" అంది లసుమవ్వ మంచం మీది నుంచి. జ్వరంతో గొంతు పీలగా ఉంది.

దేవన్న పెన్ను పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "డాక్టర్ సాబ్, నాకేం సమజైతలేదు. నువ్వు పెట్టుమంటే సంతకం పెడత."

ఇక తప్పించుకునే దారి లేదు. ధైర్యమొచ్చి చెప్పానని అనుకోవద్దు, దారి లేక చెప్పాను.

"పెట్టకు దేవన్నా. మేడం, అది విబ్రియోనో కాదో నాకు తెల్వది. నేను ఏ పరీక్ష చెయ్యలే. నాకు చెయ్యరాదు. నేను డాక్టర్ను కాదు."

డాక్టర్ రజిత కాగితం మీద తాను రాసుకున్న పేరు వైపు ఒకసారి చూసింది.

"మరి అక్కడ మీరు ఏం చేసేటోళ్లు?"

"చచ్చిన చేపలు ఏరేటోన్ని. పరీక్షకు ఐస్ డబ్బా మోసేటోన్ని."

దేవన్న మొహం చూడలేక నేల చూశాను. తిడుతుందనుకున్న డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి, "డబ్బాలో చేపను ఎట్ల పెట్టేటోళ్లు? చెప్పండి," అంది.

చెప్పాను. చచ్చిన చేప పనికిరాదు, కొనప్రాణంతో ఉన్నదాన్ని పట్టాలి. కడగకూడదు, కోయకూడదు. రెండు కవర్లలో కట్టి ఐస్ మీద పెట్టాలి. ఐస్ నేరుగా తగలకూడదు, గడ్డ కట్టకూడదు. నాలుగు గంటల్లోపు ల్యాబ్‌లో ఉండాలి. ఆరేళ్లలో నా పని గురించి నేను చెప్పిన మొదటి నిజం అదే.

"ఈమె చేతి నుంచి తీసిన చీములో పసుపు ఉన్నది, మింగిన గోలీలు ఉన్నయ్. దాంట్ల నాకేం కనపడుతలేదు. చేప తీస్కరండి," అంది డాక్టరు. పెన్నుతో లసుమవ్వ మోచేతి కింద ఒక గీత గీసింది. "అప్పటిదాక రెండు తీర్ల ఇంజెక్షన్లు నడిపిస్త. ఎరుపు గీ గీత దాటితే మాత్రం ఆగను, కోస్త."

వచ్చిన కారులోనే తిరిగి పోయాను. ఆర్మూర్‌లో ఐస్, దానికో డబ్బా కొనడానికి దిగినప్పుడు ఎవరో డాక్టర్ సాబ్ అని పిలిచారు. నేను తిరిగి చూడలేదు.

చెరువు గట్టు మీద కూలీలు మళ్లీ పోగయ్యారు. వాళ్లలో నాగవ్వ అని పెద్ద మనిషి ఉంది. గ్లౌజులు ఎక్కడా లేవు. రెండు చేతులకూ రెండేసి పాలిథిన్ కవర్లు తొడుక్కొని, మణికట్టు దగ్గర సుతిలితో బిగించి కట్టమని ఆమెనే అడిగాను.

"మొన్న వట్టి చేతులతోనే పడితివి గద," అంది ముడి వేస్తూ.

"మొన్న తప్పు చేసిన," అన్నాను.

గుండ్రంగా తిరుగుతున్న చేపను ఒకదాన్ని పట్టి బయటికి తీశాను. నాగవ్వ అలవాటు కొద్దీ ఉప్పూ పసుపూ కలిపిన నీళ్ల గిన్నె తెచ్చి పెట్టింది. మన దగ్గర చేపను కడగకుండా ఇంకొకరి చేతికివ్వడం మర్యాద కాదు. "కడుగొద్దవ్వా, గిట్లనే పోవాలె," అని రెండు కవర్లలో కట్టి ఐస్ డబ్బాలో పెట్టాను. డబ్బాను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. నిజామాబాద్ దాకా దించలేదు.

పోయేసరికి ఎరుపు గీతకు ఒక వేలెడు దూరంలో ఉంది. చేపను పైన ల్యాబ్‌కు తీసుకుపోయారు. కిడ్నీ నుంచి, మెదడు నుంచి కొంచెం కొంచెం తీసి, అద్దం మీద పులిమి, రంగు వేసి చూశారు. నేను అలవాటుగా తలుపు దగ్గరే నిలబడ్డాను. కాసేపటికి డాక్టర్ రజిత బయటికి వచ్చింది.

"విబ్రియో అయితే వంకరగ, విడివిడిగ కనపడాలె. ఇవి గుండ్రటి గింజలు, దండ గుచ్చినట్టు ఉన్నయ్. స్ట్రెప్టోకాకస్. పూర్తి పేరు రెండు రోజులకు తెలుస్తది గానీ, దీనికి మాత్రం పెన్సిలిన్ బాగ పనిచేస్తది. వేళ్లు తియ్యాల్సిన పని లేదు," అంది. ఆగి, "మీరు ముందే గీ చేపను తెస్తే ఈమె ఇక్కడిదాక వచ్చేదే కాదు," అని లోపలికి పోయింది.

ఎరుపు ఆ గీత దాటలేదు. చిటికెన వేలి దగ్గర చిన్న గాటు పెట్టి చీము తీశారు. పదకొండు రోజులకు ఇంటికి పంపారు. చెయ్యి నిలిచింది కానీ, ఆ వేలు పూర్తిగా వంగడం లేదు.

నేను దవాఖాన నుంచి వచ్చిన రోజే ఫోటో తీసేశాను. ఆరేళ్లు ఎండ తగలని చోట గోడ రంగు కొత్తగా ఉండిపోయింది, ఫోటో ఉన్నప్పటికంటే అదే ఎక్కువ కనపడుతుంది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నేనే చెప్పడం మొదలుపెట్టాను, డాక్టరును కాదు, ఐస్ డబ్బా మోసేవాడినని. కొందరు నవ్వారు. కొందరు, పోనీలే, సమయానికి ఒప్పుకున్నవ్ అన్నారు. దేవన్న చెరువు ఖాళీ చేయించి, చేపలను సున్నం వేసి పూడ్పించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. వాహబ్ భాయ్ అని నా పేరుతోనే మామూలుగా పిలుస్తున్నాడు. మెల్లమెల్లగా నాకూ గుండె కుదుటపడింది. చేసిన తప్పు నలుగురిలో ఒప్పుకున్నాను, మనిషిని మళ్లీ మనిషినయ్యాను అనుకున్నాను. అట్లా అనుకోవడంలో కూడా కొంచెం గొప్ప ఉంది. సకీనా అది కనిపెట్టింది. "అంతా చెప్పేసినవా?" అని ఒకరోజు అన్నం పెడుతూ అడిగింది. చెప్పేశానన్నాను.

మే మొదటి వారంలో లసుమవ్వ దుకాణానికి వచ్చింది. ఎండిన పసుపు ఆలస్యంగా పాలిష్ పట్టించారట, సంచులు కావాలంది. స్టూలు వేసి, నీళ్లిచ్చాను. గ్లాసు ఎడమ చేత్తో అందుకుంది. కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది. నాలుగు వేళ్లు ముడుచుకున్నాయి, చిటికెన వేలు విడిగా నిలబడి ఉంది. దాని వైపు చూడకుండా ఉండడానికి సంచులు లెక్కపెట్టసాగాను.

"అన్నా, ఒక మాట అడుగుత."

"అడుగు చెల్లె."

"గా రోజు చేప కోసం వచ్చినప్పుడు చేతులకు కవర్లు కట్టించుకున్నవంట. నాగవ్వ చెప్పింది. అట్ల కట్టుకోవాలని నీకు దవాఖానల చెప్పిండ్రా, ముందుగాలనే తెల్సా?"

సంచుల కట్ట నా చేతిలో ఆగిపోయింది. దవాఖానలో చెప్పారు అనే మాట నోటి దాకా వచ్చింది. ఎంత తయారుగా ఉందంటే, నాకోసమే ఎవరో వండి పెట్టినట్టుంది. తెలియనిదాన్ని తెలుసన్నానని ఊరంతా చెప్పుకున్నాను. తెలిసినదాన్ని చెప్పలేదని ఎవరికీ చెప్పలేదు. సకీనాకు కూడా చెప్పలేదు. నేను చేప పట్టుకొని నిలబడితే, పది అడుగుల దూరంలో ఈ చేతులు నీళ్లలో ఉండడం చూస్తూ నోరు మూసుకున్నానని ఎవరికీ చెప్పలేదు.

"ముందుగాలనే తెల్సు," అన్నాను.

"గా రోజు నేను నీళ్లల్ల ఉన్నప్పుడు గూడ?"

"తెల్సు."

ఆమె తన చేతి వైపు చూసుకుంది. కోపం చేస్తే బాగుండునని ఎదురుచూశాను. ఏడ్చినా బాగుండేది. గ్లాసులో మిగిలిన నీళ్లు తాగి, బోర్లించి, బల్ల మీద పెట్టింది.

"ఒక్క మాట అంటే ఏదన్న బట్ట చుట్టుకుందును," అంది.

బయట లారీ మీదికి సంచులు ఎక్కిస్తున్న హమాలీల కేకలు వినిపిస్తున్నాయి. ఆమె లేచి, కొంగు సర్దుకుంది.

"యాభై సంచులు కట్టు, వాహబ్ సేటు," అంది.